దీర్ఘం లేని పేరు

పట్టా వచ్చింది! పొద్దున పదకొండు గంటలప్పుడు పోస్టుమేన్ మా పాలెం మొదట్లో బండి ఆపి "సువార్త ఎవరమ్మా?" అని అరిస్తే, చేతులకి పిండి ఉండంగానే ఉరికినా. డిగ్రీ పాసైన మొదటి మనిషిని మా ఇంట్లో నేనే. నాయన వైపు చూసినా, అమ్మ వైపు చూసినా పదో తరగతి దాటినోళ్ళు లేరు. కవరు చించితే లోపల కాగితం కూడా చినుగుతదేమోనని కత్తెర తెచ్చి అంచు కత్తిరించినా. గట్టి కాగితం, బంగారు రంగు ముద్ర. నేను సరిగ్గా చూసుకోకముందే నాయన నా చేతిలోంచి లాక్కొని, గుండెలకి ఆనించుకొని, పాలెమంతా చూపిస్తానని బయటికి పోయినాడు. ఆయనకి అక్షరం రాదు. అయినా దాన్ని తలకిందులుగా పట్టుకోలేదు, ముద్ర కిందికి ఉండాలని ఎవరో చెప్పినట్టుంది.

నేను అరుగు మీద నిలబడి నవ్వుతా ఉన్నా. నవ్వుతా ఉండంగానే గుర్తొచ్చింది. ఈ మాట మొదట చెప్పాల్సిన మనిషి లేడు. ఉంటే ఏమంటాడో కూడా నాకు తెలుసు. సంతోషపడడు. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "పేరు అచ్చేసినారా అమ్మే? పూర్తిగా అచ్చేసినారా?" అని అడుగుతాడు.

ఆయనకి పాముకీ పులికీ భయం లేదు. నల్లమల అంచున పుట్టినోడు. ఆయన భయపడేది ఒక్కదానికే, కాగితం మీద తన పేరు సరిగ్గా పడడానికి. పడితే చావు తనని కనిపెడతదని ఆయన నమ్మకం. ఆయన ఎంత జాగ్రత్తపడినా అది ఒకసారి పడింది. పెట్టింది నేనే. అందుకే ఇప్పుడు ఆయన గురించి రాస్తా కూడా ఆయన పేరు రాయను. మా పెద్దోళ్ళ వంశాలు రాసే గుంపు ఒకటి ఉంది, దాని పుస్తకంలో వేస్తామని గుంపు పెద్ద, టీచరమ్మ, అడిగింది. పేరు లేకుండా అయితేనే ఇస్తానని చెప్పినా.

ఆయన మా అవ్వకి చిన్నాయన కొడుకు, నాకు వరసకి తాత. మార్కాపురంలో రాతి పలకలు కోసే పని చేసి చేసి గోళ్ళ కింద బూడిదరంగు దిగిపోయినోడు. ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. ఏ పలక ఇచ్చినా వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. లోపల పగులుంటే శబ్దం బొంగురుగా వస్తదంట. మనుషుల్ని కూడా అట్లనే వినేవాడు. ఎవరన్నా దగ్గితే మాట ఆపి, తల పక్కకి వంచి, "ఊఁ, ఇది పై దగ్గే" అనేవాడు. తన దగ్గుని మాత్రం వినేవాడు కాదు.

చంకలో ఎప్పుడూ ఒక పాత పలక. చెవి సందున బలపం. భుజాన తువ్వాలు, దాని ఒక కొస ఎప్పుడూ తడిగా, నల్లగా ఉండేది, పలక తుడిచీ తుడిచీ. మా పాలెంలో ఆయనంత అందంగా రాసేవాళ్ళు లేరు. గుండ్రటి అక్షరాలు, పేర్చినట్టు. అయినా ఎక్కడ సంతకం పెట్టమన్నా బొటనవేలు చాపేవాడు. ఊరి సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఒకసారి నిలదీసింది.

"తాతా, నీకు రాయడం వచ్చంట గదా? సంతకం చెయ్యొచ్చుగా?"

"రాయడం వచ్చు తల్లీ. సంతకం రాదు."

"అదేంది?"

"బొటనవేలికి పేరు ఉండదు గదమ్మా."

ఆధార్ కార్డులో ఆయన పేరు తప్పుపడింది. ఆయన పేర్లో రెండు దీర్ఘాలు ఉంటాయి, రెండూ ఎగిరిపోయినాయి. మిగతావాళ్ళంతా తప్పులు దిద్దించుకోడానికి మీసేవ కాడ లైన్లో నిలబడితే, ఆయన ఆ కార్డుకి ప్లాస్టిక్ కవరు వేయించి బైబిల్లో దాచుకున్నాడు. "మంచి పిల్ల రాసింది, చల్లగా ఉండాల" అని రాసినామెని దీవించినాడు కూడా.

పేరు పెట్టి పిలిస్తే మొదటిసారి పలకడు. రెండోసారీ పలకడు. మూడోసారికి "ఆఁ" అంటాడు. చర్చిలో పాస్టరయ్య హాజరు పిలిచేటప్పుడు చెప్పులు సర్దే పనుందని బయటికి పోయేవాడు. "తాతా, నీ చెప్పులు నడిచిపోతాయా ఏంది?" అని పిల్లోళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. నేను కూడా చేసినా.

మా గుంపు సంగతి చెప్పాలి. ఆ టీచరమ్మే రిటైరైనాక మొదలుపెట్టింది. మా పెద్దోళ్ళు ఎవరు, ఏ ఊరినుంచి వచ్చినారు, ఎవరికి ఎవరు ఏమవుతారు అని రాసిపెట్టుకునే గుంపు. నెలకి రెండో ఆదివారం ఆరాధన అయినాక సండేస్కూల్ గదిలో కూర్చుంటాం. మిగతా రోజులు వాట్సాప్‌లో. గిద్దలూరు నుంచి ఒకరిద్దరు, పొదిలి నుంచి ఒక కుటుంబం, పుల్లలచెరువు వైపునుంచి నలుగురు వస్తారు. సమాధుల దొడ్డికి పోయి రాళ్ళు కడిగి, చెరిగిపోయిన అక్షరాల మీద బియ్యప్పిండి రుద్ది చదువుతాం. పాత ఫోటోల వెనక పేర్లు రాస్తాం. నేను కాలేజీలో చరిత్ర చదువుతున్నానని నన్ను రాసేదాన్నిగా పెట్టినారు. అబ్బో, ఆ దినం నేను ఎంత మురిసినానో!

మా అందరి రాతలకి ఊట ఆయనే. ఏడు తరాలు ఆయన నాలుక మీద ఉండాయి. అయితే చెప్పడు, రాస్తాడు. కాగితం మీద కాదు, పలక మీద. ఒక ఇంటి వరస రాసి, నా ముందు పెట్టి, లోపల లెక్కపెట్టుకుంటాడు. ఆలోపల నేను నోటుబుక్కులో ఎక్కించుకోవాల. తర్వాత తడి తువ్వాలుతో తుడిచేస్తాడు. ఫోను పైకెత్తితే పలక బోర్లా పెట్టేవాడు.

"తాతా, కొంచెం ఆగు, ఆ నాలుగో పేరు..."

"నాలుగో ఆయన కూడా నిన్ను ఆగమనలేదు. పోయినాడు" అని తుడిచేవాడు.

"నీకు కాగితం అంటే ఎందుకు పడదు తాతా?"

"పలక మంచిదమ్మే. అడిగితే చెప్తది, తుడిస్తే మర్చిపోతది. కాగితం ఎవరు అడిగినా చెప్తది."

చచ్చిపోయినోళ్ళ పేర్లు పూర్తిగా రాసేవాడు. బతికున్నోళ్ళ పేర్లు రాయాల్సి వస్తే ఒక దీర్ఘం వదిలేసేవాడు. మా నాయన యోహాను, ఆయన పలక మీద యోహను. నేను దిద్దబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అది తప్పు కాదమ్మే. పేర్లో దీర్ఘం తీసి ఆయుష్షులో పెట్టినా."

తన పేరు రావాల్సిన చోట పేరే లేదు. ఒక చుక్క. బలపంతో టక్కుమని పెట్టిన చుక్క. అంతే ఆయన.

ఆ చుక్క నాకు నచ్చేది కాదు. నేను గీస్తా ఉన్న వంశాల చార్టులో అన్ని పేర్లు నిండి అది ఒక్కటే ఖాళీ. టీచరమ్మ కూడా అడుగుతా ఉండేది, "ఆయన పుట్టిన తేదీ దొరికిందా?" అని.

పుట్టిన తేదీ కాదు, ఇంకోటి దొరికింది. ఒక ఆదివారం మధ్యాన్నం చర్చి వెనక గదిలో ట్రంకుపెట్టె తెరిస్తే, చెదలు సగం తిన్న పాత రిజిస్టర్లు బయటపడినాయి. ఒకటి బాప్తిస్మాలది, ఒకటి పూడ్చినోళ్ళది. ఆ రెండోదాంట్లో పేజీలు తిప్పుతా ఉంటే ఆయన పేరు. పూర్తిగా, రెండు దీర్ఘాలతో. తల్లి పేరు ఆయన తల్లిదే, తండ్రి పేరు ఆయన తండ్రిదే. వయసు ఏడాదిన్నర. జ్వరం. పూడ్చినట్టు పాస్టరు సంతకం.

నాకు నవ్వు ఆగలేదు. వెంటనే ఫోటో తీసి గుంపులో పెట్టినా, "మన తాత ఎప్పుడో చచ్చిపోయినాడంట!" అని. గుంపంతా ఒకటే నవ్వులు. పొదిలి ఆయన "మాకు దయ్యం పాఠాలు చెప్తా ఉందన్నమాట" అని పెట్టినాడు. గిద్దలూరు అక్క, బైబిల్లో సమాధిలోంచి లేచిన లాజరుని పిలిచినట్టు, "లాజరు తాతా, బయటికి రా" అని పెట్టింది.

తాతకి ఫోను లేదు. కానీ మర్నాడు దోర్నాల రోడ్డు మీద టీ అంగడికి పోతే అక్కడ ఎవరో చెప్పినారు, "ఏం పెద్దాయనా, నువ్వు పోయి చానా ఏండ్లయిందంటనే!" అని. టీ తాగకుండానే లేచి వచ్చేసినాడంట.

ఎండ నడినెత్తిన ఉండంగా మా ఇంటికి వచ్చినాడు. చంకలో పలక లేదు. పలక లేకుండా ఆయన్ని చూడడం అదే మొదలు. ఒక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆడిస్తా ఉన్నాడు.

"అమ్మే, ఆ పొటో తుడిచెయ్."

"ఏ పొటో తాతా?"

"నన్ను పూడ్చిన పొటో."

నేను ఇంకా నవ్వుతానే ఉన్నా. ఆయన మొహం చూసి ఆపినా. పెదాలు పొడిబారి తెల్లగా ఉండాయి. మంచినీళ్ళు ఇస్తే చెంబు ఖాళీ చేసినాడు.

అప్పుడు చెప్పినాడు. ఆయన కంటే ముందు ఒక అన్న పుట్టినాడు. ఏడాదిన్నరకి జ్వరమొచ్చి పోయినాడు. అంతకుముందు ఇద్దరు ఆడపిల్లలు కూడా నిలవలేదు. వేరే ఇండ్లల్లో పిల్లలు నిలవకపోతే పుట్టినోణ్ణి పెంటదిబ్బ మీద పడుకోబెట్టి, మళ్ళీ తెచ్చుకొని పెంటయ్య అని పిలుస్తారు, ఇది పారేసిన బిడ్డ అనుకొని చావు వదిలేస్తదని. మాకు అట్ల చేస్తే పాస్టరయ్య ఊరుకోడు. అందుకని వాళ్ళమ్మ వేరే దోవ పట్టింది. ఈయన పుట్టంగానే చచ్చిపోయిన బిడ్డ పేరే పెట్టింది. బాప్తిస్మం కూడా రాయించలేదు. ముందోడిదే ఈయనది అన్నట్టు ఊరుకుంది.

"మాయమ్మ అనేది, ఆ పేరు పూడ్చిన బుక్కులో ఉండాది గదా. చావు వచ్చినా బుక్కు చూసుకుంటది. ఈ పేరు నేను తీసుకుపోయినా గదా అనుకొని వెనక్కి తిరిగిపోతది, బతికున్నోళ్ళ కాగితంలో అదే పేరు పూర్తిగా కనపడితేనే పట్టేస్తది అని."

"తాతా..."

"నవ్వుతావని తెలుసు. నువ్వు చదువుకుంటా ఉండావు. నేను కూడా అప్పుడప్పుడు నవ్వుకుంటా. కానీ చూడమ్మే, నాతో పలకల్లో పనిచేసినోళ్ళు ఎవరున్నారు? ఒక్కడన్నా ఉండాడా? ఒకే దుమ్ము తిన్నాం."

ఒక్కొక్కరినీ లోపల లెక్కపెట్టుకున్నా. నిజమే, ఒక్కరూ లేరు.

"ఒక్క తప్పు మీద నిలబడి ఉండా. దాన్ని దిద్దమాకండి."

ఫోటో తీసేసినా. అందరి ఫోన్లలోంచి తీసెయ్యమని బతిమాలినా. చార్టులో చుక్క చుక్కగానే ఉంటదని ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చినా. లేచి పోతా పోతా గడప కాడ ఆగినాడు. "నాకు భయం నేను చచ్చిపోతానని కాదమ్మే. చానా ఎక్కువే బతికినా. మాయమ్మ ఆడిన అబద్ధం బయటపడతదే అని."

ఇక్కడితో ఆగితే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

చర్చి వార్షికోత్సవానికి మా గుంపు వంశాల చార్టుని పెద్ద ఫ్లెక్సు చేసి కట్టాలనుకున్నాం. నేను ఆఖరి పరీక్షలు రాసి ఉన్నా. తల గాలిలో ఉంది. కంప్యూటర్లో గీతలు, గడులు అన్నీ నేనే వేసినా. ఆయన గడిలో చుక్క పెట్టి, పోయిన అన్న సంగతి కూడా చెప్పి టీచరమ్మకి చూపిస్తే ఆమె కళ్ళజోడు తీసింది.

"ఏందమ్మా ఇది? చరిత్ర చదివినదానివి. అన్న వేరు, తమ్ముడు వేరు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టాల. పోయినాయనకి శిలువ గుర్తు, ఉన్నాయనకి మామూలుగా. సరిగ్గా ఉంటేనే గదా చరిత్ర?"

"తాతకి భయం టీచరమ్మా."

"నిజం రాస్తే ఎవరు చస్తారమ్మా?"

ఆమె మంచి మనిషి. ఆమె మాట చెడ్డగా అనలేదు. నాకు కూడా లోపల అదే ఉంది. చుక్క తీసేసినా. రెండు గడులు గీసినా. ఒకదాంట్లో అన్న, శిలువతో. పక్కదాంట్లో తాత, రెండు దీర్ఘాలతో, లావు అక్షరాల్లో. పాపం, ఇన్నాళ్ళకి ఆయన పేరు ఆయనకి ఇస్తున్నానని కూడా అనుకున్నా. అట్ల అనుకున్నందుకే ఇప్పుడు ఎక్కువ సిగ్గయితది.

వార్షికోత్సవం రోజు ఫ్లెక్సు చుట్టూ జనం. ప్రతి ఒక్కరూ తమ గడి వెతుక్కొని వేలుపెట్టి ఫోటోలు దిగుతా ఉండారు. జనం పలచబడినాక తాత వచ్చినాడు. పై నుంచి ఒక్కో పేరు చదువుకుంటా కిందికి వచ్చినాడు. ఆయన వెనక నేను నిలబడి ఉన్నా. తన గడి కాడికి వచ్చి ఆగినాడు. రెండు దీర్ఘాల మీద వేలు ఆనించినాడు. తర్వాత తువ్వాలు కొస నోటితో తడిచేసి పేరు మీద రుద్దినాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి గట్టిగా.

"ఇది తుడిస్తే పోదా అమ్మే?"

"పోదు తాతా. ఫ్లెక్సు."

"ఓ" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మాయమ్మ చానా కష్టపడింది" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. మాటిచ్చినావు గదే అని అడిగినా బాగుండేది. ఎన్నిరోజులు కట్టి ఉంచుతారని మాత్రం అడిగినాడు. వారం అని చెప్పినా. మర్నాడు నేను చర్చి ముందర పోతా చూస్తే, ఆ గడి మీద ఆయన తువ్వాలు కప్పి ఉంది. రెండు కంపముళ్ళతో గుచ్చి ఉంది. ఊడ్చేవాళ్ళు ఎవరో మైలగుడ్డ అనుకొని తీసేసినారు. మర్నాడు మళ్ళీ ఉంది. మూడోరోజు గాలికి పడిపోయింది. ఆ తర్వాత ఆయన రాలేదు. దగ్గు ఎక్కువై మంచానపడినాడు.

అప్పుడు నేను ఆ ఫ్లెక్సు విప్పించి చుట్టేసినా. ఆలస్యంగా. పోయి చూద్దామనుకొని రెండుసార్లు వాళ్ళ వీధి మలుపు దాకా పోయినా, లోపలినుంచి ఆ దగ్గు వినపడంగానే వెనక్కి వచ్చినా. బొంగురు దగ్గు. పగులున్న పలక శబ్దం. ఫ్లెక్సు కట్టిన పదకొండో రోజు పోయినాడు.

ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందని డాక్టరు చెప్పినాడు. ఎనభై దాటినాయి, నిండుగా బతికినాడు అని అందరూ అన్నారు. అవన్నీ నిజాలే. నేను చదువుకున్నా, నాకు తెలుసు. అయినా ఎవరన్నా "సువార్తా" అని పిలిస్తే మొదటిసారి నేను పలకడంలేదు. మూడోసారికి గానీ నోరు లేవట్లేదు.

పూడ్చిన మర్నాడు ఆయన కోడలు మా ఇంటికి వచ్చింది. కొంగు చాటున ఏదో పట్టుకొని.

"మా మామ నీకియ్యమన్నాడు. తుడవొద్దన్నాడు."

ఆయన నోట తుడవొద్దు అనే మాట రావడమే నాకు వింత. కొంగు తీస్తే పాత పలక. దాని మీద ఒకే ఒక్క పేరు, గుండ్రంగా, కొంచెం వణికి, "సువర్త".

దీర్ఘం లేదు.

ఆయన పేరు నేను పూర్తిగా పెట్టించినా. నా పేరు ఆయన కాపాడి పోయినాడు. ఆ పలక పట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో. కోపమన్నా రాసి ఉంటే తట్టుకుందును.

ఇప్పుడు మా గుంపు చార్టులో ఆయన గడిలో పేరు లేదు. చుక్క పెట్టినా. టీచరమ్మ చూసింది, కళ్ళజోడు తీసింది, మళ్ళీ పెట్టుకొని పక్క గడికి పోయింది.

సరే, ఈ దినం సంగతి. మధ్యాన్నానికి నాయన తిరిగొచ్చినాడు, వెనక పదిమంది. పట్టా అంచున చెమట మరక కూడా పడకుండా తువ్వాల్లో చుట్టి తెచ్చినాడు. అరుగు మీద పరిచి, "చదువు అమ్మే, అందరికీ వినపడేటట్టు" అన్నాడు.

అప్పుడు నింపాదిగా చూసినా. ఇంగ్లీషులో సరిగ్గానే ఉంది. దాని పైన తెలుగులో, అందమైన అచ్చులో, సువర్త.

వేలు ఆనించి ఇంకోసారి చూసినా. పట్టా మీద కళ్ళు, లోపల గూట్లో ఉన్న పలక మీద మనసు. అచ్చు తప్పే, ఎక్కడో కంప్యూటర్ ముందు ఎవరో ఒక గుర్తు నొక్కడం మర్చిపోయి ఉంటారు. దిద్దించుకోడానికి ఒక ఫారం ఉంటది, అది కూడా నాకు తెలుసు. మా ఇంట్లో ఈ తప్పు కనపడేది నా ఒక్కదానికే.

"ఏందమ్మే, మొహం అట్ల అయింది? అన్నీ సరిగ్గా ఉండాయా?" అన్నాడు నాయన.

"ఉండాయి నాయనా."

"మరి చదువు!"

చదివినా. ఉన్నది ఉన్నట్టే చదివినా. "సువర్త" అన్నా.

పక్కింటి అత్త పకపకా నవ్వింది. "డిగ్రీ పాసైంది, తన పేరు తనకే సరిగ్గా పలకలేదు చూడు!"

"సంతోషం ఎక్కువైందిలే" అన్నాడు నాయన, కళ్ళు తుడుచుకుంటా. "ఇంకోసారి చదువు తల్లీ. గట్టిగా."

"సువర్త" అన్నా, గట్టిగా.